కారు సస్పెన్షన్ బుష్‌లు ఇంటి దగ్గర మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాలలో కారు నడుపుతూ, చిన్నచిన్న మరమ్మతులు తామే చేసుకునే తెలుగువారి కోసం ఈ ప్రశ్నలు, సమాధానాలు సిద్ధం చేయడమైనది. ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాడ), వెనుక వైపు టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉండే సాధారణ చిన్న కార్లను దృష్టిలో పెట్టుకొని రాసినవి ఇవి. బిగింపు విలువలకు, బోల్టుల వివరాలకు మీ బండి సర్వీసు మాన్యువలే ప్రమాణం. ఇక్కడ కనిపించే అంకెలు అంచనా కోసం మాత్రమే.

సస్పెన్షన్ బుష్ అంటే ఏమిటి?

చక్రాన్ని కారు ఛాసిస్‌కు కలిపే లోయర్ ఆర్మ్, రోడ్డు ఎత్తుపల్లాలకు తగినట్టు పైకీ కిందికీ కదలాలి. ఆ ఆర్మ్ ఛాసిస్‌ను పట్టుకునే చోట ఇనుముకు ఇనుము నేరుగా తగలకుండా ఉంచే రబ్బరు కీలునే బుష్ అంటారు. మధ్యలో ఒక చిన్న ఉక్కు గొట్టం, దాని చుట్టూ మందపాటి రబ్బరు, ఆ రబ్బరు చుట్టూ సాధారణంగా మరొక పలుచని ఉక్కు గొట్టం ఉంటాయి. రబ్బరును తయారీలోనే లోపలి గొట్టానికి ఊడిరాకుండా అతికిస్తారు. బోల్టు బిగించినప్పుడు లోపలి గొట్టం ఛాసిస్ బ్రాకెట్ మధ్య కదలకుండా బిగుసుకుపోతుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది, ఆ రెండింటి మధ్య వచ్చే తేడానంతా రబ్బరు తడిబట్టను పిండినట్టు మెలితిరిగి తనలో ఇముడ్చుకుంటుంది. అంటే ఈ కీలులో ఏదీ దేని మీదా జారదు. దీనికి గ్రీజు ఎందుకు అక్కరలేదో, బోల్టును ఏ స్థితిలో బిగించామన్నది ఎందుకు అంత ముఖ్యమో ఈ ఒక్క విషయం నుంచే తెలుస్తుంది. రెండో సంగతికి దిగువన ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది. మిగతావన్నీ వదిలేసినా దానిని మాత్రం చదవవలసిందిగా కోరుతున్నాను.

కారులో బుష్‌లు ఎక్కడెక్కడ ఉంటాయి?

ముందు వైపు ఒక్కో లోయర్ ఆర్మ్‌కు సాధారణంగా రెండు బుష్‌లు, చక్రం కొసన ఒక బాల్ జాయింట్ (అన్ని వైపులా తిరిగే గుండ్రటి కీలు) ఉంటాయి. ముందరి బుష్ చిన్నది. వెనుకది పెద్దది, దాని రబ్బరులో తయారీదారులు కావాలనే వదిలిన ఖాళీలు ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే బలాన్ని ఎక్కువగా ఈ పెద్ద బుష్షే కాస్తుంది కనుక చాలా బండ్లలో ముందుగా పోయేది కూడా అదే. ఇవి కాక మలుపులో కారు ఎక్కువగా ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ను పట్టి ఉంచే రెండు బుష్‌లు, దాని కొసలను సస్పెన్షన్‌కు కలిపే లింక్ రాడ్లు, వెనుక బీమ్ ఛాసిస్‌ను పట్టుకునే చోట రెండు పెద్ద బుష్‌లు ఉంటాయి.

పాత బండ్లలో ఈ అమరిక వేరు. మారుతి 800లో స్టెబిలైజర్ బారే లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచుతుంది. అందువల్ల దాని బుష్‌లు అరిగితే చప్పుడు రావడమే కాకుండా, బ్రేకు తొక్కగానే చక్రమే వెనక్కి జరుగుతుంది. ఓమ్నిలో వెనుక కమాన్ పట్టీల కళ్లలో ఉండే బుష్‌లనూ చూసుకోవాలి.

ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి?

నిర్ణీతమైన సంఖ్య లేదు. ఎవరైనా ఒక అంకె చెబితే అది వారి రోడ్డుకు, వారి బరువుకు సరిపోయేదే అనుకోవాలి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి మీదే తిరిగే కారుకు, సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కిదిగే కారుకు పోలిక లేదు. ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు పడుతుంది, ఆ బ్రేకు దెబ్బ ప్రతిసారీ ఆర్మ్ వెనుక బుష్ మీదికి వస్తుంది. తారు అంచు విరిగిపోయిన పల్లె రోడ్డులో ఎదుటి బస్సుకు దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలను మట్టిలోకి దించి మళ్లీ ఎక్కించడం మన వైపు నిత్యకృత్యం కాబట్టి, ఎడమ వైపు బుష్‌లు కుడి వైపు వాటికంటే ముందుగా పోతే ఆశ్చర్యపడనక్కరలేదు.

తక్కువ తిరిగే కారుకు కూడా మినహాయింపు లేదు. వేడికి, గాలికి రబ్బరు వయసుతో పాటు గట్టిపడి పగులుతుంది. ఇంజిన్ నుంచి ఆయిల్ కారి బుష్ మీద పడుతూ ఉంటే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అటువంటప్పుడు ముందు ఆ కారడాన్ని ఆపకుండా కొత్త బుష్ వేయడం డబ్బు దండగ.

బుష్‌లు అరిగాయని ఎలా తెలుస్తుంది?

స్పీడ్ బ్రేకర్ దిగగానే, లేదా నెమ్మదిగా గుంతలోకి దిగినప్పుడు, ముందు నుంచి లోతైన దబ్బు శబ్దం ఒకటి వస్తుంది. బ్రేకు గట్టిగా వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. తిన్నని రోడ్డులో కూడా స్టీరింగును అటూ ఇటూ సర్దుతూ ఉండవలసి వస్తుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతుంది, ఎలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించిన కొన్నాళ్లకే మళ్లీ తప్పుతుంది. వీటిలో చివరిది చాలామంది పట్టించుకోని లక్షణం. ఎలైన్‌మెంట్ మిషన్ చూపిన కోణం నిలబడాలంటే ఆర్మ్ ఉన్నచోట ఉండాలి కదా.

చప్పుళ్లలో తేడా గుర్తుపట్టడం కొంత అలవాటు మీద వస్తుంది. చిన్న గులకరాళ్ల రోడ్డులో వరుసగా కటకటమని వినిపిస్తే ఎక్కువసార్లు లింక్ రాడ్ కారణం. కదలకుండా నిలబడి స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు తెగినట్టు చప్పుడైతే స్ట్రట్ పైనున్న మౌంటు బేరింగును అనుమానించాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కిర్రుమని, కాస్త తిరిగాక తగ్గే చప్పుడు స్టెబిలైజర్ బుష్‌లది కావచ్చు.

ఇంటి దగ్గర ఖచ్చితంగా పరీక్షించేది ఎలా?

మొదట కళ్లతో చూడాలి. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చి వేసి చక్రం వెనుక నుంచి ఆర్మ్‌ను చూస్తే చాలా కార్లలో వెనుక బుష్ కనిపిస్తుంది. రబ్బరు పైపైన వెంట్రుకల్లాంటి సన్నని గీతలు ఉంటే భయపడనక్కరలేదు. పగులు లోతుగా దిగి ఉన్నా, రబ్బరు లోపలి గొట్టం నుంచి ఊడి నెలవంక ఆకారంలో ఖాళీ కనబడినా, లోపలి గొట్టం మధ్యలో కాక ఒక పక్కకు ఒరిగి ఉన్నా ఆ బుష్ పని అయిపోయినట్టే. తయారీలో వదిలిన ఖాళీలను పగుళ్లుగా పొరబడకూడదు. వాటి అంచులు నున్నగా, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి, పగులు అంచు మాత్రం గరుకుగా, చిరిగినట్టు ఉంటుంది. కొన్ని కార్ల వెనుక బుష్‌లో ద్రవం నింపి ఉంటుంది. దాని చుట్టూ తడి మరక కనిపిస్తే అది పగిలిందని అర్థం.

తరువాత కారును స్టాండ్ల మీద నిలిపి, ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ (ఆర్మ్ బిగించి ఉండే ఛాసిస్ చట్రానికి) మధ్య పొడవాటి టైరు లివర్ పెట్టి మెల్లగా ఎగదీసి చూడాలి. మంచి బుష్ కొద్దిగా సాగి వెంటనే తన చోటికి వస్తుంది. పోయిన బుష్ ఠక్కుమని కదిలి అక్కడే ఉండిపోతుంది. ఇదే స్థితిలో చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే బాల్ జాయింట్, చక్రం మధ్యలోని హబ్ బేరింగుల ఆట (వదులు) తెలుస్తుంది, రెండు పక్కలా పట్టుకొని ఊపితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ ఆట తెలుస్తుంది. బుష్ అని తేల్చేముందు ఈ రెండూ చూడకపోతే, బాగున్న భాగాన్ని మార్చి చప్పుడును అలాగే ఉంచుకునే అవకాశం ఉంది.

అరిగిన బుష్‌తో కొన్నాళ్లు నడపవచ్చా?

రబ్బరు పగిలి ఇంకా పట్టు ఉన్న దశలో, బరువు వేయకుండా, నెమ్మదిగా, ఘాట్ ఎక్కకుండా కొద్ది రోజులు నెట్టుకురావచ్చు. రబ్బరు పూర్తిగా ఊడి బ్రేకు వేసినప్పుడల్లా చక్రం ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటే మాత్రం నడపకూడదు. బాల్ జాయింట్ వదులైతే అసలే నడపకూడదు, అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది.

ఒక్క బుష్ మార్చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా?

ఇంటి దగ్గర చేసే పనైతే నా ఓటు ఆర్మ్ మొత్తానికే. కొత్త ఆర్మ్‌తో రెండు బుష్‌లు, చాలా కార్లలో బాల్ జాయింట్ కూడా కలిసే వస్తాయి, ప్రెస్ అవసరం ఉండదు, బోల్టులు విప్పి బిగించడమే పని. బుష్‌లు ఒక్కటే కొంటే ఖర్చు తగ్గుతుంది నిజమే. కానీ పాతదాన్ని ఊడబెరకడం, కొత్తదాన్ని సరైన లోతుకు, సరైన దిశలో నొక్కడం సామాన్యమైన పని కాదు. మీ ఆర్మ్ తుప్పు పట్టకుండా, వంగిపోకుండా ఉండి, బాల్ జాయింట్ బాగుండి, దగ్గరలో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ వర్క్‌షాప్ ఉంటే అప్పుడు బుష్‌లు మాత్రమే మార్చడం న్యాయం. రాయగడ, జయపురం, బరంపురం వంటి పట్టణాలలో అటువంటి వర్క్‌షాపులు దొరుకుతాయి. ఆర్మ్‌ను మీరు విప్పి పట్టుకెళ్లి, బుష్ నొక్కించుకొని వచ్చి మళ్లీ మీరే బిగించుకోవచ్చు.

రెండు వైపులా ఒకేసారి మార్చడం తప్పనిసరి కాదు గాని, రెండింటి వయసూ ఒకటే కనుక రెండోది కూడా త్వరలోనే పోతుంది. ఎలైన్‌మెంట్ ఖర్చు రెండుసార్లు పెట్టుకోవడం కంటే ఒకేసారి చేసుకోవడం మేలు.

సామాను కొనేటప్పుడు ఏమి చూసుకోవాలి?

ఎడమ, కుడి అనేవి ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చున్నవారి లెక్క ప్రకారమే. కారు ఎదురుగా నిలబడి చెప్పి, తప్పు వైపు ఆర్మ్ కొని, పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో ఇంటికి వచ్చాక చూసుకుంటే ఆ రోజు పని అక్కడితో ఆగిపోతుంది. ఆర్‌సీ పుస్తకంలోని ఛాసిస్ నంబరు, తయారీ సంవత్సరం చూపించి అడగండి. ఒకే పేరున్న కారుకు కూడా మోడలు మారినప్పుడు ఆర్మ్ మారుతుంది. దానితో పాటు కొత్త నట్లు, వీలైతే బోల్టులు కూడా తీసుకోవాలి. లోపల నైలాన్ పట్టీ ఉన్న నట్టు ఒకసారి విప్పాక ముందున్న పట్టును ఇవ్వదు.

రబ్బరుకు బదులు పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయని, స్టీరింగు చురుకవుతుందని చెబుతారు. అది నిజమే గాని రోడ్డు కుదుపు కూడా అంతే చురుగ్గా లోపలికి వస్తుంది. వాటిలో చాలా వరకు గొట్టం మీద జారే రకం కాబట్టి, వాటి కోసమే ఇచ్చే గ్రీజు పూయకపోతే కిర్రుమంటాయి. కుటుంబంతో తిరిగే కారుకు కంపెనీ రబ్బరు బుష్‌లే నా సిఫారసు. తుక్కు దుకాణంలో దొరికే పాత ఆర్మ్ జోలికి పోవద్దు.

ఏయే పనిముట్లు కావాలి?

జాకీ ఒకటి, స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డు పెట్టే చెక్క ముక్కలు, 14 నుంచి 22 మి.మీ. వరకు సాకెట్లు, రింగు పానాలు, అర మీటరు పొడవైన టామీ రాడ్డు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), ఒక కిలో సుత్తి, టైరు లివర్, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్షు, కొలత టేపు ఉంటే చాలు. వీటిలో టార్క్ రెంచ్, స్టాండ్లు లేకపోతే పని మొదలుపెట్టకండి. మిగతావి పక్కింటి నుంచి తెచ్చుకున్నా పని జరుగుతుంది.

కారును సురక్షితంగా ఎత్తేది ఎలా?

గట్టి సిమెంటు నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. చక్రం నట్లను నేల మీద ఉండగానే ఒక పాలు వదులు చేయాలి. మాన్యువల్ చూపిన చోట జాకీ పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద దించి, కారును చేత్తో బలంగా ఊపి చూశాకే చక్రం తీయాలి. తీసిన చక్రాన్ని కారు తలుపు గుమ్మం అంచు కింద పడుకోబెట్టి ఉంచితే, ఏదైనా జారినా కారు దాని మీద ఆగుతుంది. జాకీ ఒక్కదాని మీదే ఉన్న కారు కిందికి ఎవరూ వెళ్లకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు స్టాండ్లకు బదులు కావు. అవి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగులుతాయి. మట్టి వాకిట్లో చేయక తప్పకపోతే స్టాండ్ల కింద మందపాటి పలకలు వేయాలి. వానాకాలంలో, నేల నానినప్పుడు, అది కూడా వద్దు.

ఆర్మ్ విప్పే క్రమం ఏమిటి?

ముందుగా స్టెబిలైజర్ లింక్ ఆర్మ్‌కు తగిలించి ఉంటే దానిని విప్పాలి. నట్టుతో పాటు స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) కూడా తిరుగుతూ ఉంటే దాని కొసన ఉన్న అలెన్ గాడిలో కీ పెట్టి పట్టుకోవాలి. తరువాత బాల్ జాయింట్. కొన్ని కార్లలో దాని స్టడ్‌ను నకిల్ (చక్రం హబ్‌ను మోసే ఇనుప భాగం) పట్టుకొని, అడ్డంగా ఒక బోల్టు బిగించి ఉంటుంది. స్టడ్ మీద ఉన్న గాడిలో ఆ బోల్టు కూర్చుని ఉంటుంది కాబట్టి, వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి తీయాలి. నకిల్ చీలికలో ఉలి పెట్టి కొద్దిగా వెడల్పు చేస్తే స్టడ్ కిందికి దిగుతుంది. మరికొన్ని కార్లలో స్టడ్ కొస సన్నగా ఉండి నట్టుతో బిగిసి ఉంటుంది. అటువంటప్పుడు నట్టును నాలుగు చుట్లు మాత్రమే వదిలి, నకిల్ పక్క భాగం మీద సుత్తితో గట్టి దెబ్బ వేస్తే పట్టు వదులుతుంది. స్టడ్ మీద కొట్టకూడదు, మరలు పాడవుతాయి.

బాల్ జాయింట్ ఊడాక చక్రం వైపు భాగమంతా వేలాడుతుంది. దానిని బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడుతుంది, ఏబీఎస్ వైరు తెగుతుంది. అందుకే ఒక తాడుతో స్ట్రట్‌కు కట్టి ఉంచాలి. చివరగా ఛాసిస్ వైపు రెండు బోల్టులు తీస్తే ఆర్మ్ చేతికి వస్తుంది. ఏ బోల్టు ఏ వైపు నుంచి దూరి ఉందో విప్పకముందే ఫోనులో ఫోటో తీసుకోండి.

మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో స్ప్రింగు స్ట్రట్ మీదే బంధించి ఉంటుంది కనుక ఆర్మ్ తీసినా ఎగిరిపడదు. స్ప్రింగు నేరుగా లోయర్ ఆర్మ్ మీద కూర్చుని ఉన్న జీపులు, పెద్ద బండ్ల సంగతి అలా కాదు. అటువంటి బండిలో ఈ పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దు.

బోల్టు తుప్పు పట్టి కదలకపోతే?

గోపాల్‌పూర్, సోనపూర్ వంటి తీర ప్రాంతాల కార్లకు ఇది దాదాపు ఖాయం. ముందురోజు రాత్రే స్ప్రే కొట్టి వదిలేయాలి. నట్టు వచ్చినా బోల్టు రాకపోతే, అది బుష్ లోపలి గొట్టంతో కలిసి తుప్పుతో అతుక్కుందని అర్థం. బోల్టును తిప్పుతూ ఉంటే రబ్బరు తెగి గొట్టంతో సహా తిరుగుతుంది గాని బయటికి రాదు. ఎలాగూ పాత బుష్ పారేసేదే కాబట్టి, అప్పుడు బ్రాకెట్‌కూ ఆర్మ్‌కూ మధ్య సందులో హాక్సా బ్లేడు పెట్టి బోల్టును రెండు చోట్ల కోయడమే మార్గం. గ్రైండర్ వాడితే పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో ముందు చూసుకోవాలి.

ప్రెస్ లేకుండా బుష్ మార్చవచ్చా?

మార్చవచ్చు గాని ఓపిక కావాలి. పాత బుష్ రబ్బరును డ్రిల్లుతో తొలిచి లోపలి గొట్టం తీసేశాక, మిగిలిన బయటి గొట్టాన్ని హాక్సాతో లోపలి నుంచి పొడవుగా కోయాలి. ఆర్మ్ కన్నానికి గీత పడేలోపు ఆగాలి. తరువాత ఉలితో లోపలికి మడిచితే గొట్టం వదులవుతుంది. కొత్తది ఎక్కించడానికి హై టెన్సైల్ స్టడ్ ఒకటి, మందపాటి వాషర్లు, తగిన వ్యాసం గల పైపు ముక్కలు రెండు కావాలి. నొక్కే బలం బుష్ బయటి గొట్టం అంచు మీదే పడాలి. లోపలి గొట్టం మీద గాని రబ్బరు మీద గాని నొక్కితే కొత్త బుష్ అక్కడే చిరుగుతుంది. కన్నానికి సబ్బునీళ్లు రాయవచ్చు, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రాయకూడదు. ఖాళీలు ఏ దిశలో ఉన్నాయో పాత బుష్ తీయకముందే ఆర్మ్ మీద గుర్తు గీసుకోవాలి. అడ్డంగా ఎక్కిస్తే కారు నడక మారిపోతుంది.

బుష్‌ను ఫ్రిజ్‌లో పెడితే సులువుగా ఎక్కుతుందని అంటారు. 40 మి.మీ. వ్యాసం గల ఉక్కు గొట్టం మన ఎండాకాలపు గది వేడి నుంచి ఫ్రీజర్ చలికి వెళితే సుమారు 0.02 మి.మీ. మాత్రమే కుంచించుకుంటుంది. చేయడంలో తప్పు లేదు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

పాత బుష్‌ను గ్యాస్ మంటతో కాల్చి తీస్తారు కదా, అది మంచిదేనా?

కాదు. పొగ విషపూరితం, మండే రబ్బరు కరిగి చేతుల మీద పడుతుంది, అల్యూమినియం ఆర్మ్ అయితే ఆ వేడికి బలం కోల్పోతుంది.

బోల్టులను ఏ స్థితిలో బిగించాలి? చక్రం వేలాడుతూ ఉండగా బిగిస్తే ఏమవుతుంది?

కొత్త బుష్‌లు నెలలలోనే పోయాయని వచ్చే ఫిర్యాదులకు నకిలీ సామాను ఒక కారణమైతే, ఇది అంతకంటే పెద్ద కారణం. కారును ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది, దానితో పాటు ఆర్మ్ కూడా కిందికి వంగి ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు గట్టిగా బిగిస్తే, లోపలి గొట్టం అదే కోణంలో స్థిరపడుతుంది. కారును నేల మీదికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలితిరుగుతుంది. కారు ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి విడవదు. ఇక గుంతలో పడినప్పుడు అప్పటికే మెలిపడి ఉన్న రబ్బరు ఇంకా మెలిపడుతుంది, అంత దూరం సాగలేక లోపలి గొట్టం దగ్గర చిరుగుతుంది. పైగా బుష్ అదనపు స్ప్రింగులా పనిచేసి నడక గట్టిపడుతుంది.

అందుకే బోల్టులన్నీ ముందు చేతి బిగువుకు మాత్రమే తిప్పి, చివరి బిగింపు ఆర్మ్ దాని సహజమైన ఎత్తులో ఉన్నప్పుడే వేయాలి. ఆ ఎత్తును తెలుసుకునేందుకు చాలా తేలికైన పద్ధతి ఉంది. పని మొదలుపెట్టకముందే, కారు సమతలంగా నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా, బోనెట్ మీద రెండుసార్లు నొక్కి వదిలి, చక్రం నడిమధ్య నుంచి నిటారుగా మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవాలి. 37 సెం.మీ. వచ్చిందనుకుందాం. ఆ అంకెను మాస్కింగ్ టేపు మీద రాసి మడ్‌గార్డుకే అతికించాలి. ఆర్మ్ ఎక్కించాక, కారు స్టాండ్ల మీద ఉండగానే, ఆర్మ్ బాల్ జాయింట్ కొస కింద చెక్క ముక్క వేసి జాకీతో నెమ్మదిగా ఎత్తుతూ, హబ్ మధ్య నుంచి అంచు వరకు మళ్లీ కొలుస్తూ పోవాలి. 37 దగ్గరికి రాగానే ఆపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. దాదాపు ఆ సమయానికి ఆ చక్రం మోసే బరువంతా జాకీ మీదికి వచ్చి, స్టాండు మీద భారం తేలికవుతుంది. స్టాండు నుంచి కారు లేవబోతున్నట్టు కనబడితే ఇంకా ఎత్తవద్దు, అక్కడే బిగించండి. ఈ సమయంలో కారు కింద తల పెట్టకూడదు.

ర్యాంపు గాని, సర్వీసు గొయ్యి గాని అందుబాటులో ఉంటే చక్రాలు దాని మీద ఉండగానే కింద నుంచి బిగించడం ఇంకా మంచిది. కానీ వదులు బోల్టులతో కారును అక్కడిదాకా నడిపించుకుపోకూడదు.

మెకానిక్ చేత చేయించే వారు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగాలి: “చివరి బిగింపు బండి కిందికి దించాక వేస్తారా?” లిఫ్ట్ మీద ఉండగానే గన్నుతో (నట్లు బిగించే యంత్రంతో) బిగించేయడం తొందరలో చాలా చోట్ల జరిగే పని.

ఎంత బలంతో బిగించాలి?

చిన్న కార్ల ఆర్మ్ బోల్టులకు సాధారణంగా 80 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఇస్తారు, కొన్ని కార్లకు ఇంకా ఎక్కువ. 100 న్యూటన్ మీటర్లంటే అర మీటరు రాడ్డు కొసన సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినంత. ఆ లెక్క తెలిసినా అంచనాతో బిగించమని చెప్పలేను. వదులైతే గొట్టం బ్రాకెట్‌లో జారి అరుగుతుంది, ఎక్కువైతే మరలు సాగుతాయి. బిగించాక నట్టు నుంచి బ్రాకెట్ మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. ఆ తరువాత ఎప్పుడు చూసినా గీత తెగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. చక్రం నట్లను 50 నుంచి 100 కిలోమీటర్ల తరువాత మరొకసారి సరిచూడాలి.

మొదటిసారి చేసేవారు దేనితో ప్రారంభించాలి?

లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లతో. అవి చౌక, ప్రెస్ అక్కరలేదు, మన రోడ్లలో ముందు పోయేవి కూడా చాలాసార్లు అవే. స్టెబిలైజర్ బుష్ చీలిక ఏ వైపు ఉందో చూసి అలాగే పెట్టాలి, బ్రాకెట్లు బిగించేటప్పుడు రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి.

వెనుక టోర్షన్ బీమ్ బుష్‌లు ఇంటి దగ్గర మార్చవచ్చా?

స్విఫ్ట్ వంటి కార్లలో బీమ్ మొత్తాన్ని కిందికి వంచాలి, బ్రేకు పైపులు లాగుకుపోకుండా చూడాలి, బుష్‌ను బీమ్‌లోనే ప్రత్యేకమైన పుల్లర్‌తో లాగాలి. ఈ పని వర్క్‌షాప్‌కు వదిలేయడమే మంచిది.

పని అయ్యాక ఎలైన్‌మెంట్ తప్పనిసరా?

ఆర్మ్ మారిస్తే తప్పనిసరి. స్టెబిలైజర్ బుష్‌లు, లింక్ రాడ్లు మాత్రమే మారిస్తే అక్కరలేదు. ఎలైన్‌మెంట్‌కు వెళ్లే ముందు గాలి ఒత్తిడి సరిచేసుకొని, కొద్ది కిలోమీటర్లు నడిపితే బుష్‌లు కుదురుకుంటాయి.

కొత్త ఆర్మ్ వేసినా చప్పుడు పోలేదు. ఎందుకు?

ముందుగా బిగింపులు చూడండి. లింక్ రాడ్ నట్టు పూర్తిగా బిగియకపోతే వచ్చే చప్పుడు అచ్చం బుష్ చప్పుడులాగే ఉంటుంది. అది సరిగానే ఉంటే స్ట్రట్ పై మౌంటు మీద చేయి పెట్టి, మరొకరిచేత బోనెట్ కొసను నొక్కించి వదిలించండి, లోపం అక్కడే ఉంటే చేతికి దెబ్బ తెలుస్తుంది. తరువాత స్టీరింగ్ ర్యాక్ బోల్టులు, ఇంజిన్ మౌంటులు, బ్రేకు క్యాలిపర్ పిన్నులు వరుసగా చూడాలి. నిలిచి ఉన్న కారులో గేరు వేసి క్లచ్ వదలగానే చప్పుడు వస్తే అది సస్పెన్షన్ కాదు, ఇంజిన్ మౌంటు. ఇవన్నీ తేలేదాకా పాత ఆర్మ్‌ను తుక్కువాడికి వేయకండి. కొత్తదాని పక్కన పెట్టి పొడవు, బాల్ జాయింట్ స్టడ్ లావు, బుష్ వెడల్పు పోల్చి చూస్తే దుకాణంలో తప్పు సామాను ఇచ్చారేమో అప్పుడే బయటపడుతుంది.